పాత డెస్క్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డ్ వేద్దామనుకుంటున్నారా, ముందు మూత తీసి చూడండి

దసరాకి అక్క వాళ్ళింటికి ఖమ్మం వెళ్తే, నేను చెప్పులు కూడా విప్పకముందే మా మేనల్లుడు గ్రాఫిక్స్ కార్డ్ డబ్బా పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. జీటీఎక్స్ 1650. వీడియోల్లో అందరూ "దీనికి విడిగా పవర్ అక్కర్లేదు, స్లాట్‌లో గుచ్చితే చాలు" అన్నారంట, వీడు హాస్టల్ ఖర్చుల్లో మిగుల్చుకున్న డబ్బులు పెట్టి కొనేశాడు. కార్డ్ బయటికి తీసి వెనక్కి తిప్పి "మామయ్యా, ఈ చివర ఆరు కన్నాలున్నాయి, ఇక్కడేం పెట్టాలి?" అన్నాడు. నాకు అప్పుడే అర్థమైపోయింది. 1650లో పిన్ లేనివీ ఉన్నాయి, 6-పిన్ పవర్ అడిగేవీ ఉన్నాయి, డబ్బా మీద పేరు మాత్రం రెండిటికీ ఒకటే. వాడి సిస్టమేమో నేనే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొనిచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్, ఐ5-4590, 290 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంట్ ఇచ్చే పెట్టె), అందులోంచి 6-పిన్ వైర్ అనేదే రాదు. షాపుకి ఫోన్ చేస్తే సీల్ తీశాక వాపసు లేదన్నారు.

చాలామంది చేసేది ఇదే, ముందు కార్డ్ చూసుకుంటారు, కొంటారు, తర్వాత అది మన కంప్యూటర్ డబ్బాలో పడుతుందా అని చూస్తారు. పాత సిస్టమ్‌కి అది తిరగెయ్యాలి. మన దగ్గర ఉన్న డబ్బా ఏ కార్డ్ ఒప్పుకుంటదో అది కొనాలి, మనకి నచ్చింది కాదు. అందుకే ఇక్కడ కార్డుల సంగతి సగం అయ్యాక గానీ రాదు, ఓపిక పట్టండి.

అసలు కార్డ్ వేస్తే ఉపయోగం ఉందా

ముందు ప్రాసెసర్ ఏ తరందో చూడండి. ఇంటెల్ అయితే ఐ5 తర్వాత వచ్చే నంబర్‌లో మొదటి అంకె, 2400 అయితే రెండో తరం, 3470 అయితే మూడు, 4590 అయితే నాలుగు, 8400 అయితే ఎనిమిది. రెండు, మూడు తరాల వాళ్ళకి ఒక చేదు మాట, ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఇంటెల్‌లో నాలుగో తరం నుంచే వచ్చింది, అది లేకపోతే కొన్ని కొత్త గేమ్స్ అసలు ఓపెనే కావు, మీరు ఎంత మంచి కార్డ్ పెట్టినా అంతే. పాత గేమ్స్, సినిమాలు, కాస్త ఫొటో ఎడిటింగ్ వరకే అయితే పర్లేదు.

తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ పెట్టుకుని మీరు రోజూ ఆడే గేమ్ ఒక పావుగంట ఆడండి. ప్రాసెసర్ అప్పుడే నూటికి నూరు కొడుతుంటే కార్డ్ మార్చినా ఆ గేమ్ పెద్దగా కదలదు. నాలుగు కోర్ల పాత ఐ5లతో వచ్చే గొడవే ఇది, సెకనుకి వచ్చే బొమ్మలు, అంటే ఫ్రేమ్స్, యావరేజ్‌గా బాగానే కనిపిస్తాయి కానీ మధ్యమధ్యలో టక్కున ఆగి కదులుతుంటది. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, నూరు కొడుతూ ప్రాసెసర్ యాభై అరవైలో ఉంటే కార్డ్ వేసినందుకు ఫలితం కనిపిస్తది.

ఇంకో రెండు చిన్న సంగతులు. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే అలాంటిదే ఇంకోటి కొని డ్యూయల్ ఛానెల్ చేయండి, అంటే రెండూ జంటగా పనిచేసేలా, పాత డీడీఆర్3 రకం ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో బాగానే దొరుకుతుంది. ఇంకా హార్డ్ డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే కార్డ్ సంగతి పక్కనపెట్టి ముందు ఎస్ఎస్‌డీ వేయండి, నా మాట వినండి, ఆ డబ్బుకి వచ్చే సుఖం ఇంక దేనికీ రాదు.

మూత తీశాక చూడాల్సింది ఎస్ఎంపీఎస్ స్టిక్కర్

స్విచ్ ఆపి, ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంట్ పోతది. అప్పుడు సైడ్ మూత తీయండి. ఎస్ఎంపీఎస్ పక్కన ఒక స్టిక్కర్ ఉంటది, దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

అందరూ చూసేది వాట్లు. 450, 500 అని పెద్దగా రాసుంటది. అది కాదు చూడాల్సింది. కింద ఒక చిన్న పట్టీ ఉంటది, 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని, ఒక్కోదాని కింద ఆంపియర్లు. గ్రాఫిక్స్ కార్డ్, ప్రాసెసర్ రెండూ బతికేది 12 వోల్టుల లైన్ మీదే. ఆ ఆంపియర్లని 12తో గుణించండి. ఉదాహరణకి 500 వాట్స్ అని రాసున్న లోకల్ ఎస్ఎంపీఎస్‌లో 12 వోల్టుల కింద 18 ఆంపియర్లు అని ఉందనుకోండి, 18 ఇంటూ 12, 216 వాట్లు. మీ కార్డ్‌కి, ప్రాసెసర్‌కి కలిపి నిజంగా ఉన్నది అంతే. మిగతాదంతా స్టిక్కర్ మీద గొప్ప. 12 వోల్టుల లైన్లు రెండు మూడు చూపించి ఉంటే అన్నీ కూడెయ్యకండి, పక్కన మొత్తం కలిపి ఇన్ని వాట్లే అని ఇంకో అంకె ఉంటది, అదే లెక్క. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన ఎస్ఎంపీఎస్ అయితే మాత్రం స్టిక్కర్‌ని కూడా నమ్మకండి. నాది ఒకసారి అలాంటిదే, పేరు చెప్పను, గేమ్ లోడ్ అయ్యేటప్పుడు టప్ మని శబ్దం, కాస్త కాలిన వాసన, అంతే సంగతులు. కార్డ్ బతికింది కానీ మదర్‌బోర్డ్ పోయింది.

ఇప్పుడు కార్డ్‌కి పవర్ ఎలా వెళ్తుందో తెలిస్తే మిగతాది సులువు. బోర్డ్ మీద కార్డ్ గుచ్చే పొడవాటి పీసీఐఈ ఎక్స్16 స్లాట్ తనంతట తానే గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వగలదు. దానికంటే ఎక్కువ తాగే కార్డుకి ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వైర్ రావాలి, 6-పిన్ అయితే ఇంకో 75, 8-పిన్ అయితే 150. కొన్ని సన్నటి బ్రాండెడ్ సిస్టమ్‌లలో స్లాట్‌కి 75 కూడా ఇవ్వరు, మీ మోడల్ మాన్యువల్‌లో ఎక్స్‌పాన్షన్ స్లాట్స్ అన్న చోట ఒకసారి చూసుకోండి.

ఎస్ఎంపీఎస్‌లో 6-పిన్ లేకపోతే షాపువాళ్ళు వెంటనే ఒక చిన్న కన్వర్టర్ చేతిలో పెడతారు, సాటా నుంచి 6-పిన్‌కి. మా వాడికీ అదే ఇస్తామన్నారంట. వద్దు. హార్డ్ డిస్క్‌కి పెట్టే ఆ సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే, కార్డేమో అటునుంచి 75 వరకు లాగుతుంది. ప్లాస్టిక్ కరిగిపోతది. లావుగా ఉండే నాలుగు పిన్నుల మోలెక్స్ రెండు కలిపి 6-పిన్ చేసేది కొంచెం నయం, కానీ 6-పిన్ పెట్టే ఆలోచనే లేకుండా చేసిన ఎస్ఎంపీఎస్ మీద అదనంగా లాగడం ఎందుకు అనేదే నా ప్రశ్న.

ఇంకో ప్రమాదం, ప్రాసెసర్‌కి వెళ్ళే 8-పిన్ కనెక్టర్ కూడా చూడ్డానికి అలాగే ఉంటది. అది నాలుగు ప్లస్ నాలుగుగా విడిపోతది, కార్డ్‌ది ఆరు ప్లస్ రెండుగా విడిపోతది. రెండిట్లో పసుపు, నలుపు వైర్లు తిరగబడి ఉంటాయి. బలంగా తోస్తే దూరుతుందేమో అని ప్రయత్నం మాత్రం చేయకండి.

ఎస్ఎంపీఎస్ మార్చేస్తే పోలా అంటారు. అసెంబుల్డ్ సిస్టమ్ అయితే హాయిగా మార్చండి, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంట్ తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే ముద్ర) ఉన్న 450 లేదా 550 వాట్లది మంచిది తీసుకుంటే ఇంకో పదేళ్ళు తర్వాతి సిస్టమ్‌కి కూడా పనికొస్తది. బ్రాండెడ్ వాటిలో చిక్కు ఉంది. మామూలు బోర్డ్‌కి 24-పిన్ మెయిన్ కనెక్టర్ ఉంటది, 9020లో డెల్ 8-పిన్ పెట్టింది, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ 800 జీ1లో 6-పిన్, లెనోవో థింక్‌సెంటర్ ఎం93పీలో 14-పిన్. బజార్లో దొరికే ఎస్ఎంపీఎస్ పెట్టాలంటే 24 నుంచి ఆ పిన్‌కి మార్చే వైర్ విడిగా తెప్పించాలి, సన్న డబ్బా అయితే ఎస్ఎంపీఎస్ సైజే వేరు కాబట్టి ఆ దారి కూడా లేదు. మా వాడి విషయంలో నేను ఎస్ఎంపీఎస్ జోలికి పోలేదు.

స్కేలు తెచ్చుకోండి

స్లాట్ ఉన్న చోట వెనక గోడ నుంచి ముందు హార్డ్ డిస్క్ బోను వరకు ఎంత ఖాళీ ఉందో కొలవండి, అది మిల్లీమీటర్లలో రాసుకోండి, కార్డ్ స్పెసిఫికేషన్‌లో పొడవు అలాగే ఇస్తారు. ఒక ఫ్యాన్ ఉన్నవి సుమారు 15 నుంచి 18 సెంటీమీటర్లు ఉంటాయి, రెండు ఫ్యాన్లవి 20 దాటతాయి. తర్వాత మందం, చాలా కార్డులు రెండు స్లాట్ల జాగా తింటాయి, అంటే కింద ఉన్న వైఫై కార్డో, పాత పీసీఐ కార్డో ఉంటే దానికి చోటు పోతది. సాటా వైర్లు గుచ్చే చోట కార్డ్ కడుపు వచ్చి కూర్చుంటదేమో కూడా చూడండి, ఇది ఎవరూ చెప్పరు, తీరా పెట్టేటప్పుడు హార్డ్ డిస్క్ వైర్ వంగదు, కార్డ్ దిగదు. సన్నటి డబ్బా అయితే వెనక రేకులు సగం ఎత్తే ఉంటాయి, దానికి లో ప్రొఫైల్ కార్డ్, దాంతోపాటు పొట్టి బ్రాకెట్ కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే "పొట్టి బ్రాకెట్ ఉందా" అని ముందే అడగండి, అది లేకపోతే కార్డ్ గాల్లో వేలాడాల్సిందే.

స్లాట్ పొడుగ్గా ఉంటే ఎక్స్16 అనుకోకండి. ఆప్టిప్లెక్స్ 9020 టవర్‌లోనే పొడవాటి స్లాట్లు రెండున్నాయి, ఒకటి నిజంగా 16 లేన్లది (లేన్ అంటే డేటా వెళ్ళే దారి), రెండోది అంతే పొడవు కానీ లోపల వైరింగ్ నాలుగు లేన్లదే. కార్డ్ నీలం రంగు దానిలో పెట్టాలి.

లేన్ల గోల ఎందుకంటే కొన్ని చౌక కార్డులకి లేన్లే తక్కువ. పీసీఐఈ 3.0లో ఒక్కో లేన్ సెకనుకి సుమారు 1 జీబీ మోస్తుంది, 2.0లో అందులో సగం. ఏఎండీ వాళ్ళ ఆర్ఎక్స్ 6400, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డులకి ఉన్నవి నాలుగే లేన్లు. కొత్త బోర్డులో పీసీఐఈ 4.0 మీద బండి నడిచిపోతది, కానీ ఐ5-2400 లాంటి రెండో తరం మీద స్లాట్ 2.0 కాబట్టి మొత్తం సెకనుకి 2 జీబీయే. కార్డ్ మెమరీ 4 జీబీ, అది నిండగానే ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి, తెచ్చుకునే దారి సందు గొంది. గేమ్ ముక్కుతూ మూలుగుతూ నడుస్తది. 3.0 మీద కూడా దెబ్బ తెలుస్తది, కాకపోతే అంత కాదు.

ఇప్పుడు కార్డ్

ధరలు ఇక్కడ రాయను, ఈ వారం రాసింది వచ్చే వారానికి తప్పవుతుంది. ఏ డబ్బాకి ఏది అన్నది చెప్తా.

6-పిన్ వైర్ లేని టవర్, లేదా సన్న డబ్బా అయితే ప్రస్తుతం నా మొదటి ఓటు ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది. 70 వాట్లు, స్లాట్ పవర్‌తోనే నడుస్తది, 2024లో వచ్చింది, లో ప్రొఫైల్ మోడళ్ళు కూడా ఉన్నాయి. 8 జీబీ 3050 అని ఇంకోటుంది, అది వేరే, 130 వాట్లు, విడిగా పవర్ కావాలి. పేరు చూసి మోసపోయేది ఇక్కడే. మా వాడి 1650 కథే మళ్ళీ. డబ్బులు అందకపోతే పిన్ లేని జీటీఎక్స్ 1650 తీసుకోండి, కొనే ముందు అమ్మేవాడి చేత కార్డ్ పైఅంచు ఫొటో పంపించుకోండి, పవర్ కనెక్టర్ ఉండేది అక్కడే.

ఆర్ఎక్స్ 6400 తాగేది 53 వాట్లే, సన్నగా ఉంటది, చూడముచ్చటగా ఉంటది, కానీ లేన్ల సంగతి పైన చెప్పా. పైగా దాంట్లో వీడియో ఎన్‌కోడర్ లేదు, గేమ్ రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళకి పనికిరాదు. ఇంటెల్ ఆర్క్ ఏ380 కాగితం మీద బాగుంటది, 6 జీబీ, 75 వాట్లు, కానీ దానికి బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డ్ మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే వసతి) ఉండాలి, ఇంటెల్ వాళ్ళే పదో తరం ప్రాసెసర్ నుంచి అన్నారు. నాలుగో తరం మీద పెట్టి అది స్లోగా ఉందని ఏడవొద్దు.

మంచి ఎస్ఎంపీఎస్, 8-పిన్ వైర్ ఉన్న టవర్ అయితే ఆర్ఎక్స్ 6600, 8 జీబీ, 132 వాట్లు, కంపెనీ చెప్పేది 450 వాట్ల ఎస్ఎంపీఎస్. ఎనిమిదో తరం ఐ5, లేదా రైజెన్ 2600 లాంటి వాటికి జోడీ కుదురుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో జీటీఎక్స్ 1660 సూపర్ దొరికినా చెడ్డది కాదు, దానికి 16 లేన్లున్నాయి కాబట్టి పాత బోర్డ్ మీద ఇబ్బంది ఉండదు. అంతకు మించి పెద్ద కార్డ్ పాత నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద పెట్టడం ఎడ్లబండికి లారీ ఇంజన్ కట్టినట్టే.

జీటీ 710, జీటీ 730 కొత్తవి ఇప్పటికీ షాపుల్లో "4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్" అని అంటగడుతుంటారు. రెండో మానిటర్ పెట్టుకోడానికి తప్ప ఎందుకూ కాదు, గేముల పేరెత్తకండి.

జీటీఎక్స్ 1050 టీఐ, 1060 సెకండ్‌హ్యాండ్‌లో బోలెడు, చౌక కూడా. ఒకటి తెలుసుకుని కొనండి, మాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకి, అంటే 900, 1000 సిరీస్‌లకి, ఎన్విడియా గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేమ్స్‌కి కార్డ్‌ని సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబర్‌తో ముగిస్తామంది, ఆ తర్వాత 2028 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లే. ఇప్పుడున్న గేమ్స్ రాత్రికి రాత్రి ఆగిపోవు, కానీ రేపు రాబోయే గేమ్స్‌కి గ్యారంటీ లేదు. 1650, 1660 ఆ తర్వాతి ట్యూరింగ్ తరం కాబట్టి ఆ గొడవ లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో భయం నకిలీ కార్డ్. పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటివాటికి బయోస్ (కార్డ్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ అని అమ్మేవాళ్ళున్నారు, విండోస్ కూడా ఆ పేరే చూపిస్తది. జీపీయూ-జడ్ అనే చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళండి, చాలా నకిలీలని అది పసిగట్టి పేరు ముందు ఫేక్ అని రాసేస్తది. అక్కడే పది నిమిషాలు ఏదైనా గేమో, కార్డ్‌ని గట్టిగా పరీక్షించే హెవెన్ బెంచ్‌మార్కో నడిపించి చూడండి, ఫ్యాన్ గరగరమంటుందా, తెర మీద రంగు గళ్ళు, చుక్కలు వస్తున్నాయా చూడండి. "చెకింగ్ వారంటీ వారం" అంటే ఆ వారం రోజులూ గట్టిగా వాడండి, మొహమాటపడొద్దు.

మానిటర్ కేబుల్ కూడా ఇప్పుడే చూసుకోండి. పాత మానిటర్‌కి నీలం రంగు వీజీఏ ఒక్కటే ఉంటే, కొత్త కార్డులకి వీజీఏ ఉండదు. డీవీఐ ఉన్నా అది డీవీఐ-డీ, దాని మీద చిన్న ప్లాస్టిక్ కన్వర్టర్ పెడితే బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కొనాలి.

గుచ్చే ముందు రోజు పని

సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని స్టార్ట్‌లో వెతికి తెరవండి, బయోస్ (ఆన్ చేయగానే బోర్డ్‌ని లేపే సాఫ్ట్‌వేర్) మోడ్ అని ఒక వరుస ఉంటది, అక్కడ పాత పద్ధతి లెగసీ అని ఉందో, కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ అని ఉందో చూడండి. దాని పైనే బయోస్ వెర్షన్, తేదీ ఉంటాయి. తేదీ 2012, 2013లో ఆగిపోయి ఉంటే బోర్డ్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఉన్న చివరి బయోస్ దింపి అప్‌డేట్ చేయండి, పాత బోర్డుల్లో కొత్త కార్డ్ పెడితే తెర నల్లగా ఉండిపోవడానికి సగం కారణం ఇదే. బయోస్ అప్‌డేట్ అవుతుండగా కరెంట్ పోతే బోర్డ్ పోయినట్టే, కాబట్టి యూపీఎస్ మీద చేయండి, వర్షం పడే సాయంత్రం అస్సలు మొదలుపెట్టకండి.

లెగసీలో ఉండి సరిగ్గా నడుస్తుంటే ఇప్పుడే ఏం కదపొద్దు. కార్డ్ పెట్టాక బొమ్మ రాకపోతే అప్పుడు యూఈఎఫ్ఐకి మార్చాలి, దానికి డిస్క్‌ని జీపీటీ అనే కొత్త అమరికకి మార్చాలి, విండోస్ 10లోనే దానికి ఎంబీఆర్‌టూజీపీటీ అనే కమాండ్ ఉంది, మీ ఫైల్స్ పోకుండానే మారుస్తది. అయినా ముఖ్యమైనవి కాపీ తీసుకున్నాకే.

పాత కార్డ్ ఒకటి ఇప్పటికే ఉంటే దాని డ్రైవర్ తీసేయండి. ఎన్విడియా నుంచి ఏఎండీకి, లేదా అటు నుంచి ఇటు మారుతుంటే డీడీయూ అనే ఫ్రీ టూల్‌తో సేఫ్ మోడ్‌లో శుభ్రంగా తుడిచేయండి, నెట్ వైర్ పీకి ఉంచండి, లేకపోతే విండోస్ తనకి తోచిన డ్రైవర్ మధ్యలో వేసేస్తది. కొత్త డ్రైవర్ ముందే దింపి డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి.

గుచ్చడం

దీనికి కావాల్సింది ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక పాత పెయింట్ బ్రష్, స్క్రూలు పెట్టుకోడానికి ఒక గిన్నె. అంతే.

ప్లగ్ పీకారా? మళ్ళీ చూసుకోండి. డబ్బాని బల్ల మీద పక్కకి పడుకోబెట్టండి, కార్డ్ పైనుంచి కిందికి నిటారుగా దిగుతుంది, నిలబెట్టి పక్కనుంచి తోయడం కంటే వంద రెట్లు సులువు. ముందు దుమ్ము. మా వాడి డబ్బాలో ప్రాసెసర్ ఫ్యాన్ కింద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది, వేలితో లాగితే ఒక ముక్కగా ఊడొచ్చింది, అక్క చూసి "నీ మొహం, ఇల్లంతా ఊడుస్తా గానీ ఇది నాకెవడు చెప్పాడు" అంది. ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని బ్రష్‌తో దులపండి, బ్లోయర్ కొట్టినా రెక్క తిరగకుండా పట్టుకోండి.

క్యాబినెట్ ఇనప ఫ్రేమ్‌ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతది. స్లాట్‌కి ఎదురుగా వెనక ఉన్న రేకులు, ఒకటో రెండో, తీసేయండి. అసెంబుల్డ్ క్యాబినెట్‌లో స్క్రూలు, డెల్ లాంటి వాటిలో నీలం రంగు క్లిప్, దాన్ని పైకి లేపితే రేకులన్నీ వదులవుతాయి. స్లాట్ చివర ఒక బుల్లి లాక్ ఉంటది, దాన్ని కిందికి నొక్కి తెరవండి.

కార్డ్‌ని అంచులు పట్టుకోండి, బంగారు రంగు పళ్ళని ముట్టొద్దు. వాటి మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే తీయండి, నవ్వకండి, ఆ తొడుగుతోనే గుచ్చి "పట్టట్లేదు" అన్నవాళ్ళని చూశా. బ్రాకెట్ తోక బోర్డుకి, క్యాబినెట్ గోడకి మధ్య సందులోకి దిగాలి, అది దిగకుండా పైన ఎంత నొక్కినా కార్డ్ వంకరగా కూర్చుంటది. రెండు చివర్లా బొటనవేళ్ళు పెట్టి సమానంగా నొక్కండి, లాక్ టక్ మంటది. వంగి చూస్తే బంగారు పళ్ళు దాదాపు కనపడకూడదు. ఒక పక్క కనిపిస్తుంటే సగమే కూర్చుంది, తీసి మళ్ళీ పెట్టండి. తర్వాత స్క్రూ బిగించి, పవర్ వైర్ ఉండే కార్డ్ అయితే అదీ క్లిక్ అయ్యేదాకా పెట్టి, ఏ వైరూ ఫ్యాన్‌కి తగలకుండా పక్కకి తోసేయండి.

మూత ఇప్పుడే వేయకండి.

మానిటర్ కేబుల్ కార్డ్‌కి పెట్టండి, పాత చోట, బోర్డ్ మీద కాదు. కొత్త కార్డ్ వేసి వారం రోజులు బోర్డ్ కనెక్షన్ మీదే ఆడుకుని "తేడా ఏం లేదండీ" అని ఫోన్ చేసినవాళ్ళున్నారు నాకు.

ఆన్ చేశాక

బొమ్మ వస్తే సంతోషం. మొదటిసారి విండోస్ పెద్ద పెద్ద అక్షరాలతో బండగా కనిపిస్తది, డ్రైవర్ లేదు కాబట్టి. దింపి పెట్టుకున్నది వేసి రీస్టార్ట్ చేయండి.

రాకపోతే కంగారు పడకుండా ఈ వరసలో చూడండి. కార్డ్ ఫ్యాన్ ఒక్కసారైనా కదిలిందా? కదలకపోతే తీసి మళ్ళీ గుచ్చండి, పవర్ వైర్ చూడండి. ఫ్యాన్ తిరిగినా తెర నల్లగా ఉంటే కేబుల్ బోర్డ్‌కి మార్చి చూడండి, అటు వస్తే బయోస్‌లోకి వెళ్ళి ప్రైమరీ డిస్‌ప్లే అన్నది ఆటోలోనో పీఈజీలోనో (అంటే గ్రాఫిక్స్ కార్డ్ స్లాట్) పెట్టండి. అటూ రాకపోతే కార్డ్ తీసేసి ఆన్ చేయండి, పాత పద్ధతిలో వస్తే మీ బోర్డ్ బాగానే ఉంది, పోట్లాట కార్డుకీ బయోస్‌కీ మధ్య. అప్పుడు బయోస్ అప్‌డేట్, యూఈఎఫ్ఐ మార్పిడి. పదేళ్ళ సిస్టమ్ అయితే బోర్డ్ మీద నాణెం లాంటి బ్యాటరీ, సీఆర్2032, అది కూడా కొత్తది వేసేయండి, అది చచ్చిపోయి ప్రతిసారీ బయోస్ సెట్టింగ్స్ మర్చిపోతుంటే మీరు చేసిన మార్పు నిలవదు.

మా వాడిదానికి ఇవేం అవసరం పడలేదు. ఆ 6-పిన్ 1650ని వాళ్ళ క్లాస్‌మేట్ ఒకడు, అసెంబుల్డ్ సిస్టమ్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉన్నవాడు, కాస్త తగ్గించి తీసుకున్నాడు, మిగతాది నేను కలిపి 3050 6 జీబీ కొన్నాం. గుచ్చడం ఇరవై నిమిషాలు, దుమ్ము దులపడం గంట.

డ్రైవర్ అయ్యాక జీపీయూ-జడ్ తెరవండి. బస్ ఇంటర్‌ఫేస్ అన్న చోట కార్డ్ ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే భయపడకండి, కరెంట్ ఆదా కోసం తగ్గించుకుంటది, పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి టెస్ట్ నడిపితే అసలు వేగం తెలుస్తది. 3050కి నాలుగో తరం మీద ఎక్స్8 3.0 అని రావాలి. ఎక్స్4 అనో ఎక్స్1 అనో వస్తే తప్పు స్లాట్, లేకపోతే సరిగ్గా కూర్చోలేదు.

తర్వాత ఒక అరగంట హెవెన్ నడిపించి వేడి చూడండి. 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంటే మన ఎండలకి అది మామూలే. మూత తీసి ఉన్నప్పుడు 70, మూత వేశాక 85 దాటుతుంటే లోపల గాలి ఆడట్లేదు, ముందు వైపు ఒక 120 ఎంఎం ఫ్యాన్ పెడితే సరిపోతది. గేమ్ లోడ్ పడగానే సిస్టమ్ మొత్తం టక్కున ఆఫ్ అయ్యి మళ్ళీ ఆన్ అవుతుంటే అది కార్డ్ తప్పు కాదు, ఎస్ఎంపీఎస్ చేతులెత్తేసింది. నీలం తెర, లేదా డ్రైవర్ ఆగిపోయిందన్న మెసేజ్ అయితే ముందు డ్రైవర్ మళ్ళీ వేసి చూడండి.

యూపీఎస్ సంగతి ఒకటి. ఇళ్ళల్లో ఉండే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లవి, బ్యాటరీ పాతదైతే అదీ రాదు. కరెంట్ పోయినప్పుడు గేమ్ మధ్యలో ఉంటే కీక్ మని అరిచి ఆగిపోవచ్చు. మానిటర్, సిస్టమ్ తప్ప స్పీకర్లు, రౌటర్, ఫోన్ ఛార్జర్లు దాని మీంచి తీసేయండి. ఇంకా, క్యాబినెట్ ముట్టుకుంటే వేలు జిల్లుమంటుందా? అంటే ప్లగ్‌కి ఎర్తింగ్ లేదు, కార్డ్ కొన్న డబ్బులో చిన్న ముక్క ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చి ముందు అది సరిచేయించండి.

గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్స్‌కి హద్దు పెట్టుకోండి, మీ మానిటర్ 60 హెర్ట్జ్ అయితే 60. పాత ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటది, ఇందాక చెప్పిన టక్ టక్ ఆగుళ్ళు చాలా తగ్గుతాయి, కార్డ్ చల్లగా ఉంటది. మా వాడు అయిష్టంగానే పెట్టాడు, పది నిమిషాల తర్వాత "మామయ్యా, ఇదే బాగుంది" అన్నాడు, అదీ తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

డబ్బా, జీఎస్‌టీ బిల్లు, తీసేసిన వెనక రేకులు అన్నీ ఒకే కవర్‌లో వేసి అటక మీద పెట్టండి. కార్డ్ వెనక సీరియల్ నంబర్ స్టిక్కర్‌ని ఇప్పుడే ఫొటో తీసుకోండి, వారంటీకి అడిగేది ఆ నంబరే, రెండేళ్ళు వేడికి మాడితే ఆ అక్షరాలు చెరిగిపోతాయి.